పాలకొల్లు బొంతల దుకాణం: అడుగున వేసే గుడ్డ కోసమైనా ఇక్కడికే వెళ్ళాలి

బొంత చూపిస్తే అందరూ పైభాగం గురించే మాట్లాడతారు. ఏ చీర ముక్క ఎక్కడ పడింది, రంగులు ఎలా కుదిరాయి, చుట్టూ ఏ అంచు వేశారు అని. నేను ముందు తిరగేసి చూస్తాను. కప్పుకుంటే ఒంటికి తగిలేది అడుగు గుడ్డే. పరుచుకునేటప్పుడు కూడా మా ఇళ్ళలో ముక్కల వైపు కిందకి పెట్టి సాదా వైపు పైకి వేస్తాం కాబట్టి అప్పుడూ ఒంటి కింద ఉండేది అదే. అలాంటి గుడ్డని మిగిలిపోయిన పేలికలతో ఎలాగోలా అతికేసి పంపే వాళ్ళే ఎక్కువ. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో ఉన్న ఈ చిన్న దుకాణంలో మాత్రం పని అడుగు గుడ్డ నుంచే మొదలవుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు ఈ పట్టింపు మా అత్తగారి వల్ల వచ్చింది. ఆవిడకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు మంచం మీదే. వయసు మీద పడిన వాళ్ళ చర్మం పల్చగా ఉంటుంది. కింద పక్కలో ముడత ఉన్నా, లావుపాటి కుట్టు ఉన్నా అక్కడ ఒరుసుకుని ఎర్రబడుతుంది. చూసుకోకపోతే పుండు పడుతుంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ ఇదే గట్టిగా చెప్పింది: పక్క ఎప్పుడూ సాపుగా ఉండాలి, గంటల తరబడి ఒకే వైపు పడుకోబెట్టకూడదు, చెమట పీల్చే నూలు గుడ్డే వేయాలి.

అప్పటికి మా ఇంట్లో ఉన్న బొంత ఇంకోచోట కుట్టించింది. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. పైన చూడటానికి ముచ్చటగానే ఉండేది. అడుగున సగం నూలు చీర, సగం పాలిస్టర్ దుప్పటి గుడ్డ కలిపి సరిగ్గా నడిమధ్యలో అతికారు. పాలిస్టర్ వైపు చెమట పట్టేది, నూలు వైపు ఉతికిన కొద్దీ ముడుచుకుపోయి రెండో వైపు ఉబ్బుగా మిగిలింది. అతుకు వెన్నుపూస కిందకే వచ్చేది. రోజూ మడత పెట్టేది కూడా ఆ గీత మీదే కాబట్టి కొన్నాళ్ళకి కుట్టు విడిపోయింది. అత్తగారు నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. వీపు తుడుస్తుంటే నిలువుగా పడిన గీత కనిపించి నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇక దుకాణం గురించి. పేరు బోర్డేమీ లేదు, తలుపు మీద పెయింటుతో "బొంతలు కుట్టబడును" అని రాసుంటుంది. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, వెనక గదిలో గచ్చు మీద పెద్ద చాప. అరవై దాటిన పెద్దావిడ, ఆవిడ కోడలు నడుపుతారు. చేతికుట్టుకి చుట్టుపక్కల ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట వస్తారు. వీళ్ళలో చాలామంది లేసు అల్లే వాళ్ళే. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా, ఆ చేతులే ఇవి. దారం బిగువు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ ఎక్కువైందో వేలితో తడిమి చెప్పేస్తారు.

చీరలు తీసుకెళ్ళగానే పెద్దావిడ ధర చెప్పలేదు. ఒక్కొక్కటీ తలుపు దగ్గర వెలుతురుకి పట్టుకుని చూసింది. చీర అంతా ఒక్కలా అరగదు. ఫాల్ కుట్టిన కింది వైపు నేలకి రాసుకుని పల్చబడుతుంది, కుచ్చిళ్ళు దోపుకునే చోట నలిగిపోతుంది, పైట మీద పిన్నీసు కన్నాలుంటాయి. అలాంటి చోట్లన్నీ సుద్దతో సున్నా చుట్టి పక్కన పెట్టింది. అవి లోపలి పొరలకి పనికొస్తాయి గానీ అడుగుకి వద్దంది. నాకు అనుమానం ఉన్న ఒక చీర నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో అంటించింది. నూలయితే కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. ఇది కరిగి చివర గట్టి నల్లపూసలా మిగిలింది. "ఇది నూలు కాదండి, కలిపిన సరుకండి. దీన్ని నూలుతో అతికితే రెండూ రెండు దార్లండి" అని తిరిగి నా సంచిలో పెట్టేసింది. కావాలంటే పైకి వాడతానని కూడా అనలేదు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

కొలతల దగ్గర ఈ దుకాణానిది అసలైన పనితనం. అత్తగారి మంచం మూడడుగుల వెడల్పు. బొంత అయిదడుగులు, ఏడడుగులు అనుకున్నాం, అంటే 60, 84 అంగుళాలు. అడుగు గుడ్డ ఎప్పుడూ పైదానికంటే పెద్దగా ఉండాలి. పొరలన్నీ కలిపి టాకాలు వేస్తుంటే గుడ్డ లోపలికి లాక్కుంటుంది. సరిసమానంగా కోస్తే చివరికి అంచు దగ్గర చాలదు. వీళ్ళు నాలుగు పక్కలా మూడేసి అంగుళాలు వదులుతారు. అంటే మాకు కావలసింది 66, 90. మామూలుగా చీర పన్నా, అంటే వెడల్పు, 45 నుంచి 48 అంగుళాలు ఉంటుంది, కాబట్టి వెడల్పులో అతుకు తప్పదు. ఎక్కడ వేయాలన్నదే ప్రశ్న.

ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట, "పెద్దమ్మగారు మంచం మీద ఏ వైపున పడుకుంటారండి?" అని. మంచం మధ్య నుంచి అటూ ఇటూ 18 అంగుళాల లోపల ఏ అతుకూ రాకూడదని లెక్క కట్టింది. మావయ్యగారి పాత మల్లు పంచెలు ఇంట్లో ఉన్నాయని చెబితే తెమ్మంది. ఎనిమిది మూరల పంచె, పన్నా 50 అంగుళాలు. అంచులు తీసేయగా 48. అది నిండుగా మధ్యలోకి. అటొక పది, ఇటొక పది అంగుళాలు అత్తగారి లేత నీలం నూలు చీర. కుట్లకి మొత్తం రెండు అంగుళాలు పోతే సరిగ్గా 66. అతుకులు రెండూ మధ్య నుంచి 23 అంగుళాలకి పైనే పడ్డాయి. పక్క పరిచాక అవి మంచం పట్టె దాటి పక్కకి వేలాడే భాగంలోకి వెళ్ళిపోయాయి. అత్తగారి ఒంటి కింద ఒక్క కుట్టూ లేదు. పొడవుకి 90 తీయగా పంచెలో మూడు మూరలు మిగిలితే దాంతోనే దిండుకి గలీబు కుట్టి ఇచ్చారు. ఆ గలీబు నేను అడగనే లేదు.

పంచె అంచు ఎందుకు తీసేస్తున్నారు, గుడ్డ వృథా కదా అని అడిగాను. గుడ్డకి చివరన ఉండే ఆ రెండు వేళ్ళ పట్టీలో పోగులు దగ్గరగా, బిగువుగా నేస్తారు. మిగతా గుడ్డ ఒకలా కుదిస్తే అది ఇంకోలా కుదిస్తుంది. దాన్ని లోపల ఉంచి అతికితే ఉతికాక ఆ గీత పొడవునా ముడతలు తేలతాయి. "ఉంచితే ఒక్క ఉతుక్కే లాగేసుద్దండి" అని ఆవిడ అంది. జరీ అంచయితే ఇక చెప్పనే అక్కర్లేదు, పాత జరీ తీగ తెగి ముల్లులా గుచ్చుతుంది. చంటిపిల్లల బొంతలకి జరీ ముక్క పైభాగంలో కూడా వేయనని తెగేసి చెప్పింది.

కోసే పద్ధతి కూడా చూడదగ్గదే. పాత గుడ్డని చింపితే బలహీనంగా ఉన్న చోట అడ్డంగా పోతుందని చింపరు. ఒక్క పోగు పట్టుకుని మెల్లిగా లాగుతారు. గుడ్డలో సన్నని గీత తేలుతుంది, ఆ గీత వెంట కత్తెర పోతుంది. ముక్కలన్నిటికీ పడుగు (నేతలో నిలువు) పోగు బొంత పొడవు వైపే వచ్చేలా చూస్తారు. పడుగు అంతగా సాగదు, అడ్డంగా వచ్చే పేక కాస్త సాగుతుంది. ఒక ముక్క నిలువుగా, పక్క ముక్క అడ్డంగా పెట్టి అతికితే కొన్నాళ్ళకి ఒకవైపు జారి వేలాడుతుంది. బయట కొనే చాలా బొంతలకి మూలలు వంకరపోవడానికి ఇదొక కారణం.

అతుకు అరంగుళం లోపలికి, దగ్గర దగ్గర కుట్టుతో మిషన్ మీద వేస్తారు. నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి పని. కుట్టిన అతుకుని రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేస్తారు. మామూలుగా టైలర్లు రెండు పొరలూ ఒకే వైపుకి మడిచి వదిలేస్తారు. దానివల్ల ఒక పక్క లావు పెరిగి వేలికి గట్టు తగులుతుంది. విప్పి నొక్కితే ఆ ఎత్తు పంచుకుపోతుంది. చేతికుట్టు సూది కూడా ఆగకుండా దిగుతుంది. మా వైపు గాలిలో ఎప్పుడూ తేమే కాబట్టి ఇంకో లాభం కూడా ఉంది. బొంతలో చివరికి ఆరేది అతుకులే. శ్రావణ భాద్రపదాల్లో ఎండ సరిగ్గా లేక, పైకి ఆరినట్టున్నా అతుకు లోపల చెమ్మ ఉండి ముక్కిన వాసన పట్టేస్తుంది. ఈ బొంతకి మొన్న వానాకాలంలో ఆ ఇబ్బంది రాలేదు.

గంజి సంగతి కూడా చెప్పాలి. చీరలకి గంజి ఉంటే ముందే వేడినీళ్ళలో నానబెట్టి పూర్తిగా వదిలించి తెమ్మంటారు. గంజి మిగిలితే పెట్టెలో పెట్టినప్పుడు పురుగు పడుతుంది. ఎరుపు, మెరూన్ చీరలయితే తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు వదులుతుందో లేదో ఆవిడే చూస్తుంది. తెల్లపంచె పక్కన ఎర్రచీర వేయమని ఎవరైనా పట్టుబడితే, ఉప్పునీళ్ళలో నానబెట్టినంత మాత్రాన రంగు నిలబడదని నచ్చజెప్పి పంపుతుంది.

పొరలు పరిచే రోజు నేను అక్కడే కూర్చున్నాను. అడుగు గుడ్డని సాదా వైపు నేలకి, అతుకు మడతలు పైకి వచ్చేలా చాప మీద పరిచి, మూలల్లో ఇస్త్రీపెట్టె, రుబ్బురాయి పొత్రం లాంటి బరువులు పెట్టారు. ముడత లేకుండా ఉండాలి, అలాగని లాగి బిగించకూడదు. బిగిస్తే బరువు తీయగానే వెనక్కి లాక్కుని పైభాగం ముడతలు పడుతుంది. దాని మీద లోపలి చీరల పొరలు, ఆ పైన ముక్కల గుడ్డ. పై ముక్కల అతుకు, అడుగు అతుకు ఒకదాని మీద ఒకటి రాకుండా ఓ బెత్తెడు జరిపారు. తర్వాత మధ్య నుంచి బయటికి కచ్చా కుట్లు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకే వేగంతో వెళ్ళారు. అంచు నుంచి మొదలుపెడితే గాలి, ముడత అంతా మధ్యలో చేరుతుందట. ఆ తర్వాతే అసలు టాకాలు.

అతుకు లేకుండా ఒకే పన్నా గుడ్డ కొంటే ఈ బాధ లేదు కదా అని మీరనుకోవచ్చు. రాజమండ్రి తాడితోటలో హోల్‌సేల్ దుకాణాలకి వెళ్తే 90 అంగుళాల పన్నా దుప్పటి గుడ్డ తానుల కొద్దీ ఉంటుంది. నేనూ ఆ మాటే అడిగాను. వద్దనలేదు, తెస్తే కుడతామన్నారు. అయితే దుప్పటి గుడ్డ నేత దగ్గరగా ఉంటుంది, చేతిసూది దిగడానికి బలం కావాలి, టాకా దూరం దూరంగా పడుతుంది. పైగా కొత్త గుడ్డ కుదిస్తుంది, లోపలి పాత చీరలు ఇక కుదించవు. తెస్తే ముందు రెండుసార్లు ఉతికి ఆరేసి తెమ్మన్నారు. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు చీరకి ఉండే మెత్తదనం దానికి రాదు. డబ్బు పెట్టి కొనగలిగినా పాత చీర అతుకే మేలని నా అభిప్రాయం.

ఆ తర్వాత మాకోసం పెద్ద బొంత కూడా వేయించాను. ఏడడుగులు, ఎనిమిదడుగులు. దీనికి ఒకే చీర సరిపోవడం చూసి ఆశ్చర్యపోయాను. బందరులంక నూలు చీర, అంచు చాలా సన్నం, పన్నా 47. అయిదున్నర మీటర్ల చీరని సగానికి కోస్తే 108 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి. మనకి కావలసిన పొడవు 102. రెండిటినీ పక్కపక్కన అతికేస్తే పని అయిపోతుంది గానీ అతుకు నడిమధ్యకి వస్తుంది. ఆవిడ ఒక ముక్కని నిండుగా మధ్యలో పెట్టి, రెండోదాన్ని నిలువునా కోసి చెరో పక్కా వేసింది. కోసిన వైపు మధ్య ముక్కకి, నేత అంచు వైపు బయటికి. బయటి అంచు ఎలాగూ చివరికి కోసేసే మూడంగుళాల్లో పోతుంది. మధ్య ముక్క రెండంచులకి ఒక అంగుళం, రెండు కుట్లకి రెండంగుళాలు పోగా 91 మిగిలింది. కావలసింది 90. ఒక కుట్టు అదనం, అంతే. మజూరీలో దానికి తేడా తీసుకోలేదు.

ధరలు: అడుగు గుడ్డ మాత్రమే అతికి, ఇస్త్రీ చేసి ఇవ్వడానికి మేము ఇచ్చింది 250 రూపాయలు. ఇంట్లో కుట్టుకునే ఓపిక ఉన్నవాళ్ళకి ఇది చాలా మంచి ఏర్పాటు. కష్టమైన భాగం వాళ్ళు చేసి ఇస్తారు. పూర్తిగా చేతికుట్టు వేసిన అత్తగారి బొంతకి 2,200, పెద్దదానికి 3,000. మిషన్ కుట్టయితే ఇందులో సగం లోపే. చేతికుట్టు ధర ఎక్కువని బేరమాడే వాళ్ళని చూశాను. నలుగురు ఆడవాళ్ళు నడుం వంచి చేసే పని అది, నేను బేరమాడలేదు.

లోపాలు లేవని చెప్పను. చెప్పిన తేదీకి ఇవ్వరు. పెళ్ళిళ్ళ రోజుల్లోనూ, సంక్రాంతి ముందు మంచు పడే రోజుల్లోనూ మరీ ఆలస్యం. ఫోను తీయరు, తీసినా "అయిపోద్దండి, ఆయ్" అనే మాట తప్ప తేదీ రాదు. రసీదు ఇచ్చే అలవాటు లేదు, ఇచ్చిన చీరల లెక్క మనమే రాసుకోవాలి. పెద్ద బొంత మూలల్లో ఒకచోట అంచు పట్టీ వదులుగా వచ్చింది, చూపిస్తే అప్పటికప్పుడు విప్పి వేశారు గానీ ఇచ్చేముందు వాళ్ళే చూసుకోవలసింది. దారం తెలుపే వాడతారు, ముదురు రంగు అడుగు గుడ్డ మీద టాకాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కావలసిన రంగు దారం మనం కొని ఇస్తే వేస్తారు, ముందే అడగాలి. మిగిలిన ముక్కలు కావాలంటే కూడా ముందే చెప్పాలి, లేకపోతే వేరే పనుల్లో కలిసిపోతాయి.

ఇవన్నీ నేను సర్దుకోగలిగిన విషయాలు. అత్తగారి వీపు మీద ఇప్పుడు ఆ గీత లేదు. ఆవిడని అటూ ఇటూ తిప్పడం, తుడవడం, పౌడరు వేయడం మేం మానలేదు, బొంత ఒక్కటే అంతా చేసిందని అనను. కానీ పక్క వేసేటప్పుడు ముడత సర్దే పని బాగా తగ్గింది. "ఇది మీ మావయ్య పంచె కదే అమ్మాయ్" అని ఆవిడ చెయ్యి పెట్టి పోల్చుకుంది కూడా.

వెళ్ళాలనుకునే వాళ్ళకి: మంచం కొలత, పరుపు మందం రాసుకుని వెళ్ళండి, ఎవరు ఏ వైపు పడుకుంటారో చెప్పండి. ఉతికి ఆరిన నూలు చీరలు, ఉంటే పాత పంచెలు తీసుకెళ్ళండి. పెద్ద బొంతకి అడుక్కి ఒకటి, లోపలికి మూడు నాలుగు, పైకి మీ ఇష్టం. బొంత తెచ్చుకున్నాక మొదటి ఉతుకు ఇంట్లో టబ్బులోనే చల్లనీళ్ళతో చేయండి. గోదావరికి వరదొచ్చి కుళాయిల్లో కూడా ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో మాత్రం తెల్లపంచె అడుగు ఉన్న బొంత తడపకండి. పెళ్ళిళ్ళ రోజులు కానప్పుడు వెళ్తే రద్దీ తక్కువ, పెద్దావిడ తీరిగ్గా కూర్చుని మాట్లాడుతుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా చర్చికి వెళ్తారు కాబట్టి దుకాణం మూసి ఉంటుంది.